మొదటి పేజీలో మా మావయ్య చేతులు

మా మావయ్య కొండపల్లిలో బొమ్మలు చెక్కుతారు. ఆయన పని గురించి వెబ్‌సైట్‌లో రాసి, ఫొటోలు పెట్టింది నేనే. ఈ రోజు మధ్యాహ్నం నేను అక్కడుండగా విజయవాడ నుంచి ఒకావిడ వచ్చి, ఏనుగు అంబారీ బొమ్మను చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించారు.

“ఇంత తేలిగ్గా ఉందేంటండీ? అసలైనవి టేకుతో చేస్తారట కదా.”

“టేకు కాదమ్మా, పొణికి చెక్క. మా తాతల నుంచీ అదే,” అన్నారు మావయ్య.

ఆవిడ నమ్మలేదు. ఫోన్‌లో వెతికితే అన్నిటికంటే పైన వచ్చిన పేజీ తెరిచి చూపించారు. అవి నా వాక్యాలే. ఎవడో ఎత్తుకెళ్లి, పొణికి తీసేసి టేకు పెట్టి, ‘అసలైన కొండపల్లి బొమ్మలు’ అన్న మాటను రెండు వాక్యాలకోసారి ఇరికించాడు. మా సైట్ ఎక్కడుందా అని చూస్తే మూడో పేజీ అడుగున ఉంది.

“పనివాళ్లంటే వీళ్లండీ,” అంటూ ఆవిడ ఫొటో పెద్దది చేశారు. ఉలి పట్టుకున్న చేతులు. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

మావయ్య తన ఎడమ చెయ్యి ఫోన్ పక్కన పెట్టారు. “ఇది నా చెయ్యేనమ్మా.”

ఆవిడ రెండూ చూశారు. “మరి మీ షాపు పైన రాలేదేంటండీ?” అని బొమ్మ అక్కడే పెట్టేసి వెళ్లిపోయారు.

దొంగ మీద కోపం సరే. వాడికి పీట వేసి ముందు కూర్చోబెట్టిన ఆ వెతికే యంత్రం మీద అంతకంటే ఎక్కువ కోపం. ఎవరు ముందు రాశారో దానికి అక్కర్లేదు, ఎవరు ఎక్కువసార్లు రాశారో చాలు.

గోరు లేని ఆ బొటనవేలి కంటే పెద్ద రుజువు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. మూడో పేజీలో పెడతాను.