బంతి కంటే ముందు పడిన కేక

కిట్ బ్యాగు జిప్పు తీయగానే చెమటా తడి స్పాంజీ కలిసిన వాసన ముక్కుకు కొడుతుంది. బందరు గాలికి గోల్‌కీపర్ ప్యాడ్లు ఏనాడూ పూర్తిగా ఆరవు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు జరీనా అక్క గుర్తొస్తుంది.

ఒకప్పుడు మా బందరు ఆడవాళ్ళ హాకీ జట్టంటే గుడివాడ, దివిసీమ జట్లకు హడల్. గోల్‌లో జరీనా అక్క ఉండేది. పగలు పెడనలో కలంకారీ అద్దకం పని చేసుకుని, సాయంత్రం బస్సెక్కి గ్రౌండుకు వచ్చేది. చేతులకంటిన ఎర్రరంగు గ్లవ్స్ లోపల కూడా మరకలు కట్టేది. నాకు గోల్ కాయడం నేర్పింది ఆవిడే. కానీ ఆవిడ ఉండగా నాకు ఆ చోటెక్కడిది? ఆవిడ ముందు నిలబడి బంతినడ్డుకునే బ్యాక్‌గా ఆడేదాన్ని. మా జట్టుకో అలవాటుండేది. పెనాల్టీ కార్నర్‌లో అవతలివాళ్ళు కొట్టిన బంతి కంటపడగానే గోల్‌కీపర్ "చూశా!" అని అరవాలి. కేక వినపడితే మేం పక్కకు తప్పుకోవాలి, వినపడకపోతే ఒళ్ళడ్డం పెట్టాలి.

ఏళ్ళు గడిచాయి. అందరం కలిసే పెద్దవాళ్ళమయ్యాం, అదే మా కొంప ముంచింది. ముందు ఆడేవాళ్ళు వెనకబడితే మధ్యవాళ్ళు పరిగెత్తేవారు, వాళ్ళు ఆయాసపడితే నేను వెళ్ళేదాన్ని. ఒకరి వయసు ఒకరం దాచడానికే మా ఆటంతా సరిపోయేది. కొత్త పిల్లలు బెంచీ మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి మానేసేవారు. ఓడితే మేం అంపైర్‌ని తిట్టుకునేవాళ్ళం.

గుడివాడ మ్యాచ్‌లో అక్క కేకలో తేడా పట్టుకున్నాను. అవతలి పిల్ల కర్ర ఇంకా గాల్లోనే ఉంది, అక్క "చూశా!" అనేసింది. అలవాటుకొద్దీ తప్పుకున్నాను. ఆవిడ చూసి అరవడం లేదు, భయంతో అరుస్తోంది. బంతి వచ్చి అక్క గొంతుకు బెత్తెడు దూరంలో భుజానికి తగిలింది.

విరామంలో అక్కను పక్కకు తీసుకెళ్ళాను.

"అక్కా, వాళ్ళు కొట్టకముందే చూశా అంటున్నావు."

"తెలుసే. చాన్నాళ్ళయింది."

"మరి చెప్పవేం? గొంతుకు తగిలుంటే ఏమయ్యేది?"

"ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నా. ఎవరూ అడగలా. అడిగితే వాళ్ళ మోకాళ్ళ సంగతి నేనెక్కడ అడుగుతానోనని భయం."

అందరి ముందూ హెల్మెట్ తీసి నా తలకు పెట్టింది. "నాకు బంతి కనపడట్లేదర్రా, దిగిపోతున్నా" అంది. మిగతావాళ్ళు తలలు వంచుకుని బూట్ల లేసులు బిగించుకున్నారు. ఇంకెవరూ దిగలేదు. ఆ రోజు ఓడాం, ఆ తర్వాత కూడా ఓడుతూనే వచ్చాం. అంత ధైర్యం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

అక్క పోయి కొన్నేళ్ళయింది. గోల్‌లో ఇప్పటికీ నేనే. నిన్న ప్రాక్టీసులో "చూశా!" అని అరిచాకే బంతికి కర్ర తగిలిన చప్పుడు వినిపించినట్టనిపించింది. నా ముందు బ్యాక్ ఆడే సునీత గబుక్కున వెనక్కి తిరిగి చూసి, ముఖం తిప్పేసుకుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

ఇవాళ హెల్మెట్ పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని సునీతను పిలిచాను.

"నిన్న నేను ముందే అరిచానా?"

తల వంచుకుంది. "నిన్న ఒక్కరోజే కాదక్కా."

హెల్మెట్ కొత్త పిల్లలెవరికైనా ఇచ్చేద్దామని బెంచీ వైపు తిరిగాను. అక్కడ ఎవరూ లేరు.