మోషే దాహం

కైకలూరు దాటి ఏలూరు వైపు పోతున్న ఆటోని కొల్లేటి రోడ్డు మధ్యలో ఆపేశాడు డ్రైవరు సత్తిరాజు. "దిగండమ్మా, కుక్కతో సహా!"

నా ఎదుట కూర్చున్న దేవకుమారి ఒళ్లో నల్లకుక్క. నోటినిండా పుళ్లు, కారే చొంగ, ముక్కు మూసుకోవలసిన వాసన.

"పిచ్చి లేచిందండీ, చూస్తే తెలవట్లా?" పక్కనున్న చేపల గంపావిడ కాళ్లు పైకి లాక్కుంది.

దేవకుమారి సంచీలోంచి సొట్టగిన్నె తీసి నీళ్లు పోసింది. కుక్క గటగటా తాగేసింది. మళ్లీ పోసింది. మళ్లీ తాగింది.

"పిచ్చిదైతే నీళ్లు తాగుద్దాండీ?"

సత్తిరాజు తల గోక్కుని బండి తీశాడు.

నీళ్లంటే భయం పిచ్చికుక్క కరిచిన మనిషికే గానీ ఆ కుక్కకి అంతగా ఉండదని ఎక్కడో చదివాను. అక్కడ ఆ మాటంటే ఇంకేమన్నా ఉందా! మింగేసి, కుక్క పేరడిగాను.

"మోషే అండి. బైబిల్లో ఆయన్లాగే దీన్నీ వరద నీళ్లలోంచి తీశాను కదా."

"కుక్కకి ప్రవక్త పేరా! పాస్టరుగారు ఊరుకున్నారా?" అంది గంపావిడ.

"ఆయన కోళ్లని కాసింది ఇదేనండి."

అందరం నవ్వాం. మొగుడు పోయాక చేపల చెరువు కాపలా దేవకుమారే కాసిందట, ఈ కుక్క తోడుగా. సర్కారోళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది పని పోయి ఐసు షెడ్డులో కూలికి చేరింది. కుక్క మాత్రం పాత గట్టు మీదికే పోయి ఎలకల్ని పట్టేది, ఆ మురికినీళ్లే తాగేది. కిందటి వానల్లో జ్వరమొచ్చి కళ్లు పచ్చబడ్డాయి. చావు తప్పింది.

"అప్పట్నించేనా ఇంత దాహం?" అన్నాను, ఉండబట్టలేక.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "ఎలకల ఉచ్చ కలిసిన నీళ్ల వల్ల కిడ్నీలు పోయినయ్యన్నారండి డాక్టరుగారు. సెలైన్ ఎక్కిస్తే కొన్నాళ్లుంటదంట. ఏలూరు దాకా ఊరుకోండి బాబుగారూ. ఈ దాహమే రోగమని వీళ్లకి తెలిస్తే, ఇంక గిన్నె చూపించి పిచ్చి లేదని ఎట్టా చెప్పుకోను?"

సరేనని తలూపాను. నీళ్లయిపోయాయి. కుక్క ఖాళీ గిన్నె నాకుతోంది. గంపావిడే తన సీసా అందించింది. "తాగనివ్వండి పాపం. తాగినంతకాలం భయం లేదు."

దేవకుమారి ఎవరి మొహమూ చూడకుండా పోసింది.

ఏలూరులో పశువుల ఆసుపత్రి మలుపు రాగానే, ఆటో ఆగీ ఆగకముందే దిగింది. కుక్కని భుజానికెత్తుకుంది. "జాగ్రత్తమ్మా" అన్నాను. వెనక్కి తిరగలేదు. చేతిలో గిన్నె ఊగుతుండగా గేటు వైపు విసవిసా నడిచిపోయింది.