పన్నెండు పాటల రికార్డు

బిట్రగుంట లోకోషెడ్డు ఫిట్టరు ఏసురత్నం గోళ్ల సందుల్లో గ్రీజు ఆదివారం నాడు కూడా పోదు. ఆ వేళ్లతోనే చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. సినిమా హాలు గడప తొక్కినవాడు కాదు. బదిలీ మీద పోతూ ఒక డ్రైవరు ఇచ్చిపోయిన రికార్డు ప్లేయరూ, పన్నెండు సినిమాల్లోంచి పాటలు ఏరి కూర్చిన ఒక ఎల్పీ రికార్డూ మాత్రం ఇంట్లో ఉన్నాయి. డ్యూటీ దిగి రాగానే కిటికీలు మూసి అన్నీ వరసగా వింటాడు. ఒక పాట ముగిస్తే చాలు, తరువాతిది చెవిలో దానంతటదే మొదలవుతుంది. “ఎవురన్నా విన్నారంటే మనల్ని ప్రభువు బల్లకు రానీరు,” అంటుంది భార్య మగ్దలీనమ్మ. సినిమాకు పోయినాడని పోయిన నెలే సంఘపెద్ద ఆనందబాబు ఒకణ్ణి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ బల్లకు దూరం పెట్టించాడు.

ఆ ఆదివారం ఆరాధనకు ముందు, కీర్తన వాయిస్తున్న వేళ్లు ఎక్కడ దారి తప్పాయో గాని, రికార్డులోని మూడో పాట చివరిదాకా వచ్చేసింది. ఏసురత్నం చటుక్కున హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసేశాడు. ఆనందబాబు ముందు బెంచీలోంచి లేచి వచ్చి హార్మోనియం పక్కన నిలబడ్డాడు.

“ఏం వాయించినావు?”

“వేళ్లు జారినాయన్నా.”

ఆనందబాబు కీర్తనల పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనకనుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. రికార్డులో మూడో పాట తరువాత వచ్చే పాట అది.