వరస కలిపిన మేక

మా నాన్న చెప్పే కథల్లో రాజకుమారుడికి కత్తి ఉండేది కాదు. చెరకు పని లేని ఆదివారం మధ్యాహ్నాలు, గిర్మిట్ అనే ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన కూలీల లైనులో మా గది ముందు కూర్చుని చెప్పేవాడు. రాజకుమారుడు ఏడు కొండలు దాటి రాక్షసి గుహకు వెళ్తాడు. ఆవిడ నోరు తెరిచేలోగా కాళ్ళు పట్టుకుని, "పెద్దమ్మా" అని వరస కలిపేస్తాడు. అంతే, తినడానికి వచ్చిన రాక్షసి అన్నం వండి పెట్టి, ముందుకు దారి చెబుతుంది.

నాకు ఒళ్ళు మండేది. "కాళ్ళు పట్టుకునీవోడు రాజేటి, నాన? పీక కొయ్యాల గానీ!"

"పీక కోసేస్తే దారి ఎవులు సెప్తారే గుంటా?" అనేవాడు నాన్న. ఆ జవాబు నాకు రుచించేది కాదు. ఏడేళ్ళదాన్నే అయినా నా నోటికి లైనంతా జడిసేది.

ఆ ఏడు చెల్లెలు పుట్టింది. అమ్మకు పాలు పడలేదు. ఎలాగో ఒక మేకను సంపాదించి, దాని పాలతోనే పిల్లను నిలబెట్టారు. మేకను కాయడం నా పని. ఒకరోజు అది తాడు తెంచుకుని వాగు దాటిపోయింది. అవతల కైవీతుల ఊరు. ఈ నేల అసలు మనుషుల్ని మేం అలా పిలిచేవాళ్ళం. వాళ్ళు మనుషుల్ని తింటారని లైనులో అందరూ నమ్మేవారు. మేం పారిపోకుండా దొరల మనుషులు పుట్టించిన మాట అదని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

అమ్మా నాన్నా చెరకు తోటలో ఉన్నారు. సాయంత్రం పాలు లేకపోతే చెల్లి ఏమవుతుందో నాకు తెలుసు. పక్క గదిలో ఒక పసిపిల్ల అలాగే పోయింది. ఏడుస్తూనే వాగు దిగాను.

గట్టు మీద ఒక ముసలాయన, గుమ్మం పట్టనంత మనిషి. ఒక చేతిలో చెరకు కత్తి, ఇంకో చేతిలో మా మేక తాడు. వెనక ఆయన చేమదుంపల మడిలో ఒక్క ఆకు మిగల్లేదు. నా నోటిదాకా వచ్చినవి తిట్లే. ఆయన చేతిలో కత్తి చూసి మింగేశాను. అప్పుడు గుర్తొచ్చాడు కత్తి లేనివాడు. గభాలున ఆయన కాళ్ళు పట్టుకుని "తాతా!" అన్నాను.

ముసలాయన తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కేకేసి భార్యను పిలిచాడు. ఆవిడ నన్ను లేవదీసి, తన గుండె మీద చెయ్యి వేసుకుని "నానా" అంది.

ఇంక ఆగలేకపోయాను. "ఆడమడిసి నానేటి? మా నాన తోటలో ఉన్నాడు!" అని అరిచాను. ఆవిడ మళ్ళీ నానా అంటుంది, నేను కాదంటాను. చివరికి ఉడికించిన దుంప ఒక చేతిలో, మేక తాడు రెండో చేతిలో పెడితే ఊరుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ లెంపకాయ కొట్టి, వెంటనే ఒళ్ళోకి లాక్కుంది. చెల్లి గుటకలు వినబడుతుంటే ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. అంత హాయి నా బతుకులో మళ్ళీ ఎరగను. నాన్నకు వాళ్ళ మాటలు కొన్ని వచ్చు. నేను చెప్పింది విని పడి పడి నవ్వాడు. వాళ్ళ భాషలో తాతా అంటే నాన్నట, నానా అంటే అమ్మట.

ఇప్పుడు మనవలకు రాక్షసిని నరికిన వీరుడి కన్నా, రాక్షసి నమ్మిన వీరుణ్ణే గొప్పవాడిగా చెబుతాను. మూతి ముడుస్తారు. ముడవనీ.

మేక దొరికాక వచ్చిన ఆదివారం ఆ ముసలావిడ దుంపలు మోసుకుని తనే వాగు దాటి వచ్చింది. లైనులో టపటపా తలుపులు పడ్డాయి. అమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడింది. కన్నతల్లికి చెప్పకుండా ఓడెక్కిన మనిషి అమ్మ. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేది. ముసలావిడ చెల్లిని ఎత్తుకుని ముద్దాడింది.

"ఈవిడ్ని ఏటని పిలవాలే?" అని అమ్మ నన్ను అడిగింది.

"నానా అనమ్మా. అంటే అమ్మ అని."

అమ్మ ఆ మాట ఒక్కసారే అనగలిగింది. ఆవిడ భుజం మీద తల వాల్చి, లైనంతా వినేలా ఏడ్చింది. ముసలావిడ అమ్మ వీపు నిమురుతూ ఏదో చెబుతూనే ఉంది. నాకు గానీ అమ్మకు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అమ్మ తల ఊపుతూనే ఉంది.