మూడు గంటలకు మూడు నిమిషాల ముందు

ఎగోన్ లోష్నర్ చెడ్డవాడని నేననను. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు, మొహం మీద తలుపేసి నా పని నేను చూసుకునేదాన్ని. ఆయన కచ్చితమైన మనిషి. గేరా పట్నంలో మా పదకొండంతస్తుల కాంక్రీటు భవనంలో ఆయనదీ నాదీ అయిదో అంతస్తు, ఎదురెదురు తలుపులు. ఇరవై రెండేళ్లు అలాగే బతికాం. ఆయన చెత్త కిందికి తీసుకెళ్లే వేళ ఏనాడూ తప్పలేదు, నన్ను పలకరించే గొంతు ఏనాడూ మారలేదు.

నూలుమిల్లు గేటు దగ్గర ఆయన ఉద్యోగం. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయడమే పని. నా పేరు రెండుసార్లు రాశాడు. సొంత పెళ్లాం ఎరికా పేరు ఒకసారి రాశాడు, ఆ మహాతల్లికి ఆ రోజు ఆలస్యమైంది ఈయన చొక్కా ఇస్త్రీ చేస్తూనే. ఇంటికొస్తే మా భవనం పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉండేది. ఎవరింటికి చుట్టాలొచ్చి నాలుగు రోజులున్నా అందులో రాయించాలి. తర్వాత దేశాన్ని రెండుగా చీల్చిన గోడ కూలింది, దేశం మారింది, మిల్లు మూతపడింది. ఆ పుస్తకం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఎరికా కూడా పోయింది. అబద్ధాల పెట్టె అని టీవీని ఎవరికో ఇచ్చేశాడు. ఇక ఆ మనిషికి రాయడానికి ఎవరి పేరూ మిగల్లేదు.

తొంభై ఏడు ఏప్రిల్లో పోస్టులో గడియారం తెప్పించుకున్నాడు. తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, నా వంటింటి పళ్లెమంత ఉంది. చూడ్డానికి నన్ను కాఫీకి పిలిచాడు.

"ఇది మనం తిప్పేది కాదు రోస్విటా గారూ. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర పెద్ద స్తంభం ఉంది. అక్కణ్ణించి రేడియోలాగా గాల్లో టైమొస్తుంది, ఇది పట్టుకుంటుంది. అందుకే దీన్ని రేడియో గడియారం అంటారు. అక్కడి గడియారం పది లక్షల ఏళ్లకి ఒక్క సెకను తప్పుతుందట."

"అప్పటిదాకా కూచుని చూస్తారా ఏంటి?" అన్నాను. ఆయన నవ్వలేదు.

దాంతో వచ్చిన కాగితాన్ని మూడుసార్లు చదివాడు. కిటికీ దగ్గర పెట్టాలి, ఇనుముకు దూరంగా ఉంచాలి, ముళ్లను చేత్తో ముట్టుకోకూడదు. కిటికీ గట్టు మీద నిలబెట్టి బ్యాటరీ వేశాడు. ముళ్లు వాటంతటవే గిర్రున తిరిగి పన్నెండు మీదకొచ్చి ఆగిపోయాయి. మేం కాఫీ తాగాం, కేకు తిన్నాం. పావుగంటకు ముళ్లు మళ్లీ కదిలి, పరుగెత్తి, అసలు వేళ దగ్గర నిలబడ్డాయి. లోష్నర్ గారి కళ్లు తడిశాయి. ఎరికా పోయినప్పుడు కూడా ఆ కళ్లు తడవడం నేను చూడలేదు.

మర్నాడు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి ముందుగది లోపలి గోడకు కన్నం పెట్టాడు. మా భవనాల గోడలంటే కాంక్రీటు, దాని నిండా ఇనప చువ్వలు.

"కిటికీ దగ్గరే ఉంచకూడదా?" అన్నాను.

"గోడ గడియారం ఉండాల్సింది గోడకి," అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. ఆ రోజునుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వేళ ఆ గడియారానికి అందలేదు. బ్యాటరీ మీద ఏ చవక గడియారంలాగానో నడుస్తూ, రోజుకో సెకను వెనకబడింది. రేడియో గడియారం సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తారు? మేమైతే చూడం. మిగతా గడియారాలన్నిటినీ దాన్ని చూసి సరిచేసుకుంటాం.

ఆయన నెత్తి మీద, ఆరో అంతస్తులో, డెట్లెఫ్, అతని భార్య ఇనెస్ ఉండేవారు. డెట్లెఫ్‌కు నలభై నాలుగేళ్లకే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. లిఫ్టు ఉన్న ఇల్లు కాబట్టి సరిపోయింది, స్నానాల గది తలుపు కూడా చక్రాల కుర్చీ పట్టేలా వెడల్పు చేయించుకున్నారు. రోజూ ఒక గంట ఊతచట్రం పట్టుకుని నడవాలి, లేకపోతే ఆ కాలు ఇక రాదు అని డాక్టరు చెప్పాడు. పక్కన మనిషి లేకుండా నడవడానికి లేదు, ఇనెస్ బేకరీలో పొద్దుటి పని ముగించుకుని రెండింటికి వచ్చేది. మా భవనంలో ఒంటిగంట నుంచి మూడింటి దాకా చప్పుడు చెయ్యకూడదు. అందుకని ఆ మనిషి చట్రం పట్టుకుని, కుర్చీ అంచున కూచుని, వంటింటి గడియారం వంక చూస్తూ ఉండేవాడు. ముల్లు మూడు మీదకు రాగానే లేచేవాడు. టక్కుమని చట్రం, ఆ వెనక కాలు ఈడ్చుకునే చప్పుడు. ఆగస్టుకల్లా చట్రం వదిలి నాలుగడుగులు వేశాడు. ఇనెస్ ఆ సంగతి లిఫ్టులో ఎక్కినవాళ్లందరికీ చెప్పింది.

కింద లోష్నర్ గారు రాసుకుంటున్నాడు. చప్పుడు మీద ఫిర్యాదు చేయాలంటే ఈ ఇళ్లన్నీ అద్దెకిచ్చే ఆఫీసువాళ్లే అచ్చువేసిన ఫారాలిస్తారు. తారీఖు, వేళ, ఏ రకం చప్పుడు, ఎంతసేపు, సాక్షి ఎవరు. ఈయన సెకన్లతో సహా నింపాడు. జూన్‌లో మూడింటికి ఒక నిమిషం ముందు. జులైలో నిమిషంన్నర. ఆగస్టులో రెండు దాటింది.

"చూశారా? రోజుకో సెకను ముందుకి జరుగుతున్నాడు. మిల్లులో ఇలాంటోళ్లని చాలామందిని చూశాను. మనం ఎందాకా ఊరుకుంటామో చూస్తారు."

కాలు రాని మనిషి రోజుకు ఒక్క సెకను చొప్పున దొంగిలిస్తాడా, అని నేను అడగాల్సింది. అడగలేదు. నోట్లో ఆయన కేకు ఉంది.

సెప్టెంబరులో సాక్షి సంతకానికి నన్ను పిలిచాడు. ఇద్దరం ముందుగదిలో గడియారం కింద కుర్చీలేసుకుని కూచున్నాం. పైన టక్కుమంది. తలెత్తి చూశాను, రెండూ యాభై ఏడు. నా చేతి గడియారంలో మూడయింది. మరి నా తెలివి చూడండి, నా గడియారాన్ని మూడు నిమిషాలు వెనక్కి తిప్పుకుని, సంతకం పెట్టాను.

తొంభై నాలుగు నమోదులు, ఒక సాక్షి. పదిరోజులకు ఇనెస్ వాళ్లకు ఉత్తరం వచ్చింది. అక్టోబరు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. ఊరికి ఆ చివర ఇంకో ఇల్లిస్తారు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇనెస్ ఆఫీసుకు పరుగెత్తింది. తిరిగొచ్చి మెట్ల దగ్గర నాతో చెప్పింది.

"మేం మూడయ్యాకే మొదలెడతామండీ అన్నాను. దేన్ని చూసి అంది ఆఫీసులో ఆవిడ. వంటింటి గడియారం అన్నాను. లోష్నర్ గారిది రేడియో గడియారమమ్మా అంది. ఇంకేం మాట్లాడను?"

"అవును మరి," అన్నాను.

ఆ సాయంత్రం ఎనిమిదింటి వార్తలు మొదలయ్యేసరికి నా చేతి గడియారంలో ఏడూ యాభై ఏడు. ముందు టీవీని తిట్టాను. తర్వాత టైము చెప్పే నంబరుకు ఫోన్ చేశాను. అక్కడి ఆడగొంతు కూడా టీవీ మాటే చెప్పింది. నా గడియారాన్ని నేను తిప్పుకుంది ఆయన గడియారాన్ని చూసే కదా. అన్నీ అర్థమయ్యాయి.

పొద్దున్నే వెళ్లి ఆయనతో చెప్పాను. వాదిస్తాడనుకున్నాను, వాదించలేదు. గడియారం దించి కిటికీ గట్టు మీద పెట్టి, బ్యాటరీ తీసి మళ్లీ వేశాడు. ముళ్లు తిరిగాయి, ఆగాయి, పావుగంటకు పరుగెత్తి నిలబడ్డాయి. నా చేతి గడియారం పక్కన పెట్టి చూశాం. మూడు నిమిషాల తేడా. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. బీరువాలోంచి ఫారాల నకళ్లు, స్కేలు, ఎర్ర పెన్ను తెచ్చుకుని కూచున్నాడు. హమ్మయ్య, న్యాయం తెలిసిన మనిషే అనుకున్నాను.

మధ్యాహ్నం దాకా లెక్క కట్టాడు. రోజుకెంత వెనకబడిందో తీసి, తొంభై నాలుగు నమోదులూ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన ఎర్రగా సరైన వేళ రాశాడు. మూడు. మూడు దాటి రెండు సెకన్లు. మూడు దాటి ఒకటి. మూడు.

"ఒక్కరోజు కూడా ముందు లేవలేదండీ," అన్నాడు. గొంతులో గౌరవం వినిపించింది. "ఇంత కచ్చితమైన మనిషిని మిల్లులో నేను చూడలేదు."

కాగితాలకు కన్నాలు పెట్టి, ఫైలులో గుచ్చి, ఫైలును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఆఫీసుకి పంపరా?" అన్నాను.

"వాళ్లు అడగలేదే. ఫిర్యాదు ఇచ్చాను, నిర్ణయమొచ్చింది. రికార్డు సరిగ్గా ఉండాలి. ఇప్పుడుంది."

"వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారండీ. ఆ మనిషి నాలుగంతస్తులు ఎలా ఎక్కుతాడు?"

ఆయన నన్ను మిల్లు గేటు దగ్గర చూసినట్టే చూశాడు. "సాక్షి మీరు కదా రోస్విటా గారూ. మీరెళ్లి చెప్పండి."

ఆఫీసు ట్రాములో రెండే స్టాపులు. మొదటిరోజు తలనొప్పి అనుకున్నాను. తర్వాత శుక్రవారం, మధ్యాహ్నానికే మూసేస్తారు. తర్వాత వారం చలికాలానికని బంగాళాదుంపల బస్తాలు వచ్చాయి, నేలమాళిగలో సర్దుకోవాలి. మూడువారాలు అలా సాకులతో గడిపాను. నిజం ఏమిటంటే, చేతికున్న గడియారం సరిగ్గా ఉన్నా వెనక్కి తిప్పుకుని సంతకం పెట్టిన ఆడది అని భవనమంతా చెప్పుకుంటారని నాకు సిగ్గు. సిగ్గుకోసం ఒక మనిషి కాలు తీసేశాను, అంతే.

అక్టోబరు చివరి వారంలో లారీ వచ్చింది. డెట్లెఫ్‌ను చక్రాల కుర్చీలో లిఫ్టులోంచి దించారు. కొత్తింట్లో పైకి ఇద్దరు మోసుకెళ్లాలట, కిందికి దింపడానికి మాత్రం రోజూ ఎవరూ రారట, లారీ మనిషి చెప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. తలుపు చప్పుడైంది. ఇనెస్. నేనెప్పుడో కేకు పెట్టి పంపిన పళ్లెం కడిగి తెచ్చింది.

"ఇది మీదండీ. ఇంకోటి, మమ్మల్ని క్షమించండి రోస్విటా గారూ. మీరు సంతకం పెట్టారంటే ఎంత విసిగిపోయారో. మా వంటింటి గడియారమే ముందు నడిచినట్టుంది, పాడు గడియారం, చెత్తలో పడేశాను. మీ నిద్ర పాడుచేశాం కదా, మీకు ప్రత్యేకంగా చెప్పి రమ్మన్నాడు డెట్లెఫ్."

నేను పళ్లెం అందుకున్నాను.

"పర్లేదులే ఇనెస్," అన్నాను. "కావాలని చేశారా ఏంటి."

ఆ పిల్లకు కళ్లనీళ్లు తిరిగాయి. పళ్లెంతో సహా నా రెండు చేతులూ పట్టుకుని, మీ మనసు మంచిదండీ అంది.