కుట్టకూడని చిరుగు

మా పెద్దమ్మ పోయి పన్నెండు రోజులైంది. పొద్దున ఏడింటికి దవాఖాన మంచం మీద, నేను చాయ్ తేవడానికి ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగిన పది నిమిషాల్లో పోయింది. పైకి వచ్చేసరికి పక్క మంచం ఆమె నా చేతిలోంచి ఫ్లాస్కు అందుకుని "కూసో అక్కా" అన్నది. కూర్చున్నాను. ఎనిమిది నెలలుగా కూర్చోనట్టే అనిపించింది. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ, రోగిని దగ్గరుండి చూసుకున్నవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరనుకుంటాను.

ఆ రోజు ఆమెను స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే చీర కొంగు మంచం కమ్మీకి పట్టుకుని జానెడు చినిగింది. ఆ చీర ఇప్పుడు నా దగ్గరుంది.

ఆమె మా అమ్మకు అక్క. పోచంపల్లిలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. పెదనాన్న మగ్గం నేసేవాడు, ఆమె ఆసు పోసేది. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం. రంగులద్దే ముందు పేక దారాన్ని ఆ మేకుల చుట్టూ ఒక్కొక్క వరసే తిప్పాలి. ఒక చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు చాపాలి. యాభై ఏళ్లు చాపింది. చివరికి కుడి భుజం ఎంత పాడైందంటే జడ వేసుకోవడానికి కూడా నన్నే పిలిచేది. "జర ఆపరాదు పెద్దమ్మా" అంటే, "చెయ్యి ఆగితే మనసు మొదలైతది బిడ్డా" అనేది. నాకప్పుడు అది ఊరికే అన్న మాట.

తెగిన పోగు కనిపిస్తే ఆమెకు ప్రాణం నిలిచేది కాదు. పెళ్లి బంతిలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కొంగు పట్టుకుని, "గీడ పోగు లేసింది, సూది ఉన్నదా" అని అడిగిన సందర్భాలున్నాయి. నేను తల దించుకుని పప్పు కలుపుకునేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె వెనక గది ఖాళీ అయితే ఒక జంట కిరాయికి దిగారు. అర్జెంటీనా దేశం వాళ్లు, యూదులు. ఇద్దరికీ ఇరవై ఆరు దాటవు. పెళ్లయి ఏడాది. అమ్మాయి మిరియం మా చీరల నేత మీద పరిశోధన చేయడానికి వచ్చింది. అబ్బాయి దానియేల్ హైదరాబాదులో ఉర్దూ చదివేవాడు, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. నేను బడిలో ఇంగ్లిష్ చెప్తాను కాబట్టి మాట కుదర్చడం నా పనైంది. వాడికి మాత్రం నా అవసరం సగమే. పెద్దమ్మ మాటల్లో జర, ఫికర్, జాగా, పరేషాన్ వినబడగానే మొహం వెలిగిపోయేది. వాడు ఆమెను అవ్వ అన్నాడు. ఆమె వాడిని దానయ్య చేసింది. ఆ పిల్ల మరియమ్మ అయింది.

వాళ్లకు వాళ్ల గిన్నెలు వేరు. మాంసం ముట్టరు, మన కోత వాళ్లకు పనికిరాదు. శుక్రవారం పొద్దు వాలక ముందే మిరియం రెండు కొవ్వొత్తులు వెలిగించేది. అక్కడి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా స్టవ్వు, స్విచ్చు, ఫోను ఏదీ ముట్టరు. "శుక్రారం దీపం పెట్టే పిల్ల, ఇంకేం గావాలె" అని పెద్దమ్మ సంబరపడింది. మొదటి ఎండాకాలం శనివారం నాడు ఇద్దరూ చెమటలు కక్కుతూ కూర్చుంటే, స్విచ్చు చెడిపోయిందనుకుని కరెంటు పనివాణ్ని పిలుచుకొచ్చింది. నేను విషయం చెప్పాను. ఆమె పనివాణ్ని పంపించేసి నా వైపు తిరిగింది.

"దేవుడు వాళ్లను ముట్టద్దన్నడు. నన్ను అనలే గద."

ఆ తర్వాత ప్రతి శనివారం చీపురు కోసమని వాళ్ల గదిలోకి వెళ్లేది. ఫ్యాను వేసి వచ్చేది. చీపురు ఎప్పుడూ మా గడపలోనే ఉండేది.

వానాకాలం మొదట్లో దానియేల్ వాళ్ల నాన్న పోయాడని ఫోను వచ్చింది. మర్నాటికే అక్కడ మట్టి అయిపోతుంది, ఇక్కణ్ణుంచి ఏ విమానం పట్టుకున్నా అందదు. తల్లే రావద్దన్నది. వాళ్ల ఆచారం ప్రకారం వాడు తొడుక్కున్న అంగీని ఎడమవైపు, గుండె మీద, చేత్తో చింపుకున్నాడు. అద్దానికి దుప్పటి కప్పారు. ఏడు రోజులు నేల మీద కూర్చోవాలి. పెద్దమ్మ నన్నేమీ అడగలేదు. చావు ఇంట్లో పొయ్యి ముట్టించకూడదన్నది ఆమెకు తెలిసిన సంగతే. వాళ్ల గిన్నెలే తెచ్చుకుని పప్పూ అన్నమూ వండి పంపింది. వీధిలో మగ్గాలు నేసేవాళ్లు పని దిగాక ఇద్దరిద్దరుగా వచ్చి వాడి పక్కన కాసేపు కూర్చుని వెళ్లారు. మాట్లాడడానికి భాష లేకపోవడం ఆ వారం మేలే చేసింది.

ఎనిమిదో రోజు మిరియం ఆ అంగీ ఉతికి దండెం మీద ఆరేసింది. నేను బడిలో ఉన్నాను. పెద్దమ్మకు ఏడు రోజులుగా ఆ చిరుగు కళ్లలో గుచ్చుకుంటూనే ఉంది. తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఆ అంగీ అంచులోంచే పోగులు లాగి, సన్న సూదితో ఒక్కో పోగూ అతికింది. ఆ భుజంతో, ఆ కళ్లతో, పొద్దంతా. ఇస్త్రీ చేసి వాళ్ల గడప మీద పెట్టింది. నేను రాగానే, "దానయ్య అంగి చూసినవా, ఏడ చినిగిందో చెప్పు చూద్దాం" అన్నది. చాలా రోజుల తర్వాత ఆమెలో గర్వం చూశాను.

నేను వెళ్లేసరికి దానియేల్ ఒళ్లో అంగీ పెట్టుకుని వేలితో తడుముతున్నాడు. ఆ జాగా దొరకడం లేదు. ఏడు రోజులూ ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. మిరియం నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పింది. అమ్మ కోసమో నాన్న కోసమో చింపుకున్న బట్టను నెల దాటాక పైపైన టాకాలు వేసుకోవచ్చుగానీ, చిరుగు కనబడకుండా ఎన్నటికీ కుట్టకూడదట. వాళ్ల నాన్న మట్టికి వాడు అందలేదు. వాడికున్నదల్లా ఆ చిరుగే.

"అవ్వకు చెప్పకండి, పాపం పొద్దంతా కుట్టింది" అన్నాడు దానియేల్, కళ్లు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి.

నేను చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. తినబోతున్న రొట్టె పక్కన పెట్టింది. "అంగి అడుక్కరా" అన్నది. తెచ్చాను.

కుట్టడానికి ఒక పొద్దు పట్టింది. విప్పడానికి రెండు పొద్దులు. తను వేసిన పోగు తనకే దొరకనంత బాగా కుట్టింది మరి. బట్ట పోగు తెగకూడదు, అతుకు పోగు మాత్రమే రావాలి. నేను పక్కన కూర్చుని లైటు పట్టాను. రెండో రోజు తల ఎత్తకుండానే అన్నది:

"మీ పెదనాయిన పోయిన పదకొండో దినం నేను ఆసు మీద కూసున్న. సావుకారి చీరెలు ఆగినయన్నరు. ఏడు దినాలు ఊకె కూసోమని నాకెవ్వరు చెప్పలే బిడ్డా. కూసోవచ్చని నాకు ఎరికనే లేదు."

ఆ పదకొండో రోజు ఆమెకు దారం కండెల బుట్ట అందించింది నేనే.

చిరుగు మళ్లీ తెరుచుకున్నాక తనే తీసుకువెళ్లి వాడి చేతిలో పెట్టింది. "నీది నీకిస్తున్న బిడ్డా. ఎరుక లేక తీసుకున్న." వాడు ఆమె కాళ్లు పట్టుకోబోయాడు, మన దగ్గరే నేర్చుకున్నాడు. ఆమె వాడి భుజాలు పట్టుకుని లేపి, "రొట్టె తిన్నవా" అని అడిగింది. మరుసటి చలికాలానికి వాళ్ల చదువు అయిపోయి వెళ్లిపోయారు. ఏటా రెండుసార్లు ఫోను చేసేవాళ్లు. ఆమె ఫోనులో అరిచి మాట్లాడేది, దూరం కదా అని.

మొన్న పెద్దమ్మ పదో దినం ముగిసింది. వచ్చినవాళ్లు తిని, చేతులు కడుక్కుని, "ఇగ నీ పని నువ్వు చూసుకో, గట్లనే ఉంటె ఎట్ల" అని చెప్పి వెళ్లారు. సెలవు అయిపోయింది, సోమవారం బడికి పోవాలి. ఒళ్లంతా బరువుగా ఉంది. నిన్న సాయంత్రం దానియేల్ వాళ్లకు వీడియో కాల్ చేశాను, అక్కడ పొద్దున. మిరియం ఏడ్చింది. దానియేల్ లేచి లోపలికి వెళ్లి ఆ అంగీ తెచ్చి కెమెరాకు దగ్గరగా పట్టుకున్నాడు. బట్ట వెలిసిపోయింది. చిరుగు అలాగే ఉంది. దానికి రెండు వైపులా, పోగు పోగుకూ, పెద్దమ్మ సూది పడిన సన్నని రంధ్రాలు వరసగా కనిపించాయి.

"ఇది మా నాన్నది, ఇది అవ్వది" అన్నాడు, ముందు చిరుగు మీద వేలు పెట్టి, తర్వాత రంధ్రాల మీద. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. పదకొండు రోజులకు.

ఇవాళ పొద్దున ఆమె చీర ఉతికాను. చినిగిన కొంగు కుడదామని నిన్ననే సూదిలో దారం ఎక్కించి పెట్టుకున్నాను. ఆ సూదిని గోడకున్న క్యాలెండరుకు గుచ్చేశాను. చీర దండెం మీద ఉంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ జానెడు చిరుగు తెరుచుకుని, అందులోంచి ఆమె గుమ్మం కనిపిస్తోంది.