ఎప్పటికీ తెరవలేరని చెప్పాను

ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇక మోయలేను.

అరకు చుట్టుపక్కల కొండ ఊళ్లలో మా సంస్థ రక్తపరీక్షలు చేసేది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే సికిల్ సెల్ జబ్బు కోసం. ఆ ఫలితాలను కంప్యూటర్లో భద్రపరచడం నా పని. డుంబ్రిగుడ సంతరోజున జమున అనే కాఫీ రైతు తన కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పాపకు జబ్బు లేదు. కానీ దాని జాడ రక్తంలో ఉంది, రేపు ఆ పాపకు పుట్టే పిల్లలకు అది రావచ్చు.

“మేడమ్, ఈ సంగతి ఎవులికీ తెలీదు గదా? రేపు నా గుంటకి పెళ్లీడొస్తే, ఎవులైనా తీసి సూత్తారేటి?”

“ఎవరూ చూడలేరు జమునా. తాళం వేసేశాం. ఎప్పటికీ తెరవలేరు.”

ఆమె నమ్మింది.

కొన్నాళ్లకు ఎవరో మా సర్వర్లోకి చొరబడి ఆ వివరాలన్నీ కాపీ చేసుకుపోయారు. పాస్‌వర్డ్ మార్చమన్నా బద్ధకించింది నేనే. చోరీని మొదట చూసిందీ నేనే. ఆనవాళ్లు చెరిపేశాను. అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, దొంగకు అక్షరం అర్థం కాదు, ఇక చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను.

ఈ మధ్య పాత ఎన్‌క్రిప్షన్ మార్చే పని మొదలైంది. క్వాంటమ్ కంప్యూటర్లు బలపడితే ఈ తాళాలు నిలవవట. కొందరు ఇప్పుడే దొంగిలించి, తెరవగలిగే రోజు కోసం దాచుకుంటారట. ఇదంతా శిక్షణలో విన్నాను. మా దగ్గరున్నవాటికి కొత్త తాళం వేస్తాను. పోయినవాటికి?

అప్పుడు నోరు మూయించింది భయమేనా? కొండమీదవాళ్లు, ఎవరొచ్చి అడుగుతారులే అన్న ధీమా కూడా ఉందా? మా అక్క కూతురి వివరాలైతే ఊరుకునేదాన్నా?

పోయిన వారం మా పెద్దసారుకు చెప్పేశాను. విచారణ వేశారు. తర్వాత జమున ఇంటికి వెళ్లాను. ఆమె ఆరబోసిన కాఫీ గింజలు కలియబెడుతూ వింది. చెయ్యి ఒక్కసారి ఆగింది. తిట్టలేదు. నా ముఖం చూడలేదు. క్షమించమని నేనూ అడగలేదు. రేపటి గురించిన ఆ భయం ఇక ఆమెది కూడా. ఇచ్చింది నేనే.

ఘాట్ రోడ్డు దిగే బస్సులో, ఎన్నో ఏళ్ల తర్వాత, నాకు గాఢంగా నిద్ర పట్టింది. ఆ నిద్రకు సిగ్గుపడుతున్నాను.